లాంగ్ టర్మ్ నీట్ కోచింగ్‌కి డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

2025 జూన్ 14న మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలు వచ్చాయి. ఆ సాయంత్రం నుంచే, సీటు రానివాళ్లని ఏడాదిపాటు మళ్లీ చదివించే లాంగ్ టర్మ్ కోచింగ్ సెంటర్ల పీఆర్వోల ఫోన్లు మీ ఇంట్లో కూడా మొదలై ఉంటాయి. మన నంబర్లు వాళ్లకి ఎవరిస్తారో ఆ దేవుడికే తెలియాలి. "ఎన్నొచ్చాయండీ? నాలుగొందల ఎనభయ్యా? అయ్యో, అంచుదాకా వచ్చి ఆగిపోయిందండీ. ఒక్క ఏడాది మా దగ్గర కూర్చోబెట్టండి, సీటు నా బాధ్యత." మూడొందల ఇరవై అని చెప్పి చూడండి, అప్పుడూ అంచుదాకా వచ్చి ఆగిపోయే ఉంటుంది.

పోయినేడాది మా తమ్ముణ్ణి ఇలాంటి ఒక చోట చేర్పించాం. హాస్టల్‌తో కలిపి లక్షా ఎనభై వేలు. సెంటర్ పేరు రాయను. పేరు చెబితే "ఓహో, ఆ ఒక్కటీ తప్పిస్తే చాలు" అనుకుంటారు. నేను చెప్పేవి ఏ సెంటర్ మెట్లెక్కినా చూసుకోవాల్సినవి.

తమ్ముడికి 2024లో 512 వచ్చాయి. బయాలజీలో 300, కెమిస్ట్రీలో 130, ఫిజిక్స్‌లో 82. అంటే గొడవంతా ఫిజిక్స్‌తోనే. కౌన్సెలర్ అని కూర్చోబెట్టిన ఆయన ఈ లెక్క అడగనే లేదు. మొత్తం ఎన్ని, కేటగిరీ ఏంటి, నాన్నగారు ఏం చేస్తారు, ఇంతవరకే. ఫిజిక్స్‌లో ప్రశ్నలు వదిలేశాడా, తప్పులు పెట్టాడా, టైము చాల్లేదా అన్న ఊసే లేదు. ప్యాడ్ మీద 512 వేసి, బాణం గీసి, పక్కన 620 అని రాసి గుండ్రంగా చుట్టాడు. "ఇది గ్యారంటీ సర్" అన్నాడు నాన్నతో. ఆ కాగితం మాకివ్వండి అంటే నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ 620 దగ్గరే కాసేపు ఆగుదాం. ఈ వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. నీట్‌లో మార్కులు ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పోల్చడానికి పనికిరావు. 2024లో 700 దాటినవాళ్లే రెండు వేల మందికి పైగా ఉన్నారు. మొదట 67 మందికి 720కి 720 వేశారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ తర్వాత సవరించిన ఫలితాల్లో ఆ సంఖ్య 17కి తగ్గింది. అదే 2025లో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడి మార్కులే 686. ఫిజిక్స్ పేపరు చూసి ఎంతమంది పిల్లలు హాల్లోంచి ఏడుస్తూ బయటికొచ్చారో మీకు తెలుసు. 2024లో 620, అంతకంటే ఎక్కువ వేలాది మందికి వచ్చాయి. 2025లో అదే 620 వస్తే ఊరేగింపు చేయాలి. కాబట్టి "మార్కులు ఇంత పెంచుతాం" అనే మాటకి అర్థమే లేదు. అడిగితే ర్యాంకు గురించి అడగండి: పోయినేడాది మీ దగ్గర రిపీట్ చేసిన పిల్లలందరి పాత ర్యాంకు, కొత్త ర్యాంకు పక్కపక్కన చూపించగలరా అని. టాపర్లవి కాదు, బ్యాచ్ మొత్తానివి. మేం అడిగాం. "కాన్ఫిడెన్షియల్ అండీ" అన్నారు. టాపర్ల ఫొటోలు మాత్రం రోడ్డు పొడవునా ఫ్లెక్సీల మీద కాన్ఫిడెన్షియల్‌గానే వేలాడుతున్నాయి మరి.

స్కాలర్‌షిప్ టెస్ట్ కథ త్వరగా చెప్పేస్తాను. టెస్ట్ రాసిన ప్రతి ఒక్కరికీ నలభై శాతం రాయితీ వస్తుంది. ఆ రాయితీ సాయంత్రం ఆరు దాకే ఉంటుంది. మర్నాడు వెళ్లినా ఇస్తారు. మా పక్కింటివాళ్లకి నెల తర్వాత కూడా ఇచ్చారు.

ఇక చేరాక ఏమైందంటే, రిపీటర్లకి విడిగా చిన్న బ్యాచ్ అన్నారు. ఆగస్టు వచ్చేసరికి ఇంకో బ్రాంచి మూసేసి ఆ పిల్లల్ని కూడా తెచ్చి ఇదే గదిలో కలిపేశారు. వెనక బెంచీల్లో కూర్చుంటే బోర్డు కనబడదు, మైకు వినబడదు. డెమో క్లాసు చెప్పిన ఫిజిక్స్ సార్ మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఆయన ఎన్ని బ్రాంచీల్లో డెమోలు చెప్పడానికి తిరుగుతున్నారో! రోజువారీ క్లాసులకి వచ్చినాయన దసరాకి ముందే మానేశారు. ఆ తర్వాత స్టడీ అవర్ల పేరుతో ఖాళీగా కూర్చోబెట్టడమే. మా వాడు రిపీట్ చేస్తున్నదే ఫిజిక్స్ కోసం!

మెటీరియల్ నేనే స్వయంగా తిరగేశాను. అట్ట మీద కొత్త సంవత్సరం, లోపల పాత సరుకు. నీట్ సిలబస్‌ని 2024 పరీక్ష నుంచి కుదించారు. కెమిస్ట్రీలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు పోయాయి. జువాలజీలో జీర్ణక్రియ పాఠం పోయింది. వీళ్లిచ్చిన పుస్తకంలో పాలిమర్ల మీద పేజీలకి పేజీలు బిట్లు ఉన్నాయి, జీర్ణక్రియకైతే రంగుల బొమ్మతో సహా ఉంది. పిల్లలు వాటిని కంఠతా పట్టి వీకెండ్ టెస్టులు రాశారు. టెస్టుల సంగతి ఇంకా విడ్డూరం. 2025 జనవరిలో నీట్ నిర్వహించే ఎన్టీఏ పరీక్ష పద్ధతి మార్చింది. ఛాయిస్ ఉన్న సెక్షన్ బి తీసేసి, 180 ప్రశ్నలూ తప్పనిసరి చేసి, సమయం 200 నిమిషాల నుంచి 180కి తగ్గించింది. మా వాడు అప్పటికే బయటికి వచ్చేశాడు. వాడి రూమ్మేట్ అక్కడే ఉన్నాడు, వాడు చెప్పాడు: మార్చి దాకా 200 ప్రశ్నలకి గడులున్న పాత ఓఎంఆర్ జవాబు షీట్లే ఇచ్చారట, ప్రింట్ చేయించిన స్టాక్ అయిపోవాలి కదా! నిమిషానికో ప్రశ్న చొప్పున చేయాల్సిన పరీక్షకి, ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చి, ఇష్టం లేని ప్రశ్న వదిలేసే అలవాటు చేసి పంపారు.

దసరా సెలవులకి ఇంటికొచ్చిన తమ్ముడు తిరిగి వెళ్లనన్నాడు. మిగిలిన నెలల ఫీజు ఇవ్వమని వెళ్తే రసీదు తిప్పి చూపించారు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "కట్టిన ఫీజు ఏ పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. చాలామంది అక్కడితో వచ్చేస్తారు. రాకండి. కోచింగ్ సెంటర్ల గురించి కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫీజంతా కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగివ్వాలి, హాస్టల్, మెస్ డబ్బులు కూడా. నోట్సులకీ మెటీరియల్‌కీ విడిగా వసూలు చేయకూడదని కూడా అందులోనే ఉంది, మా దగ్గర తీసుకున్నారు. ఇవి మార్గదర్శకాలు, వీటిని అమలు చేయించాల్సింది రాష్ట్రాలు, కాబట్టి కాగితం చూపించగానే మేనేజర్ లేచి చెక్కు రాస్తాడని ఆశ పెట్టుకోవద్దు. మా మేనేజరైతే "అది కోచింగ్ సెంటర్లకమ్మా, మాది అకాడమీ" అన్నాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక కదలిక వచ్చింది. హాస్టల్, మెస్ డబ్బులు మిగిలిన నెలలకి వెనక్కిచ్చారు. ట్యూషన్ ఫీజు దగ్గర మాత్రం మొరాయించారు. "వచ్చే ఏడాదికి అడ్జస్ట్ చేస్తాం" అన్నారు. అర్థమైందా? పరీక్ష ఇంకా రాయకముందే, వీడు మళ్లీ తప్పుతాడు, మళ్లీ మా దగ్గరికే వస్తాడు అని లెక్క. సీటు గ్యారంటీ ఇచ్చిన నోటితోనే అన్నారు ఆ మాట. ఆ మొత్తం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం, నడుస్తోంది.

తమ్ముడు ఇంటి దగ్గరే ఎన్సీఈఆర్టీ పుస్తకాలు ముందేసుకుని, ఒక్క ఫిజిక్స్‌కి మాత్రం ట్యూషన్ పెట్టించుకుని, ఆన్‌లైన్ టెస్టులు రాసుకున్నాడు. ఈసారి 478. మార్కులు తగ్గాయి, ర్యాంకు మాత్రం మెరుగై పోయినేడాది దాంట్లో సగానికి కిందకి వచ్చింది. ఫలితాలొచ్చిన రెండో రోజే అదే సెంటర్ నుంచి ఫోన్: "హాల్‌టికెట్ నంబరూ ఒక ఫొటో పంపండమ్మా, మన స్టూడెంట్స్ లిస్టులో వేస్తాం." ఫ్లెక్సీల మీద ముఖాలు ఎలా చేరతాయో అప్పుడు బోధపడింది. ఒకే పిల్ల ఫొటో మూడు సంస్థల ఫ్లెక్సీల మీద ఉండటం మీరూ చూసే ఉంటారు. ఒకచోట రెండేళ్లు చదువుతుంది, ఇంకోచోట టెస్ట్ సిరీస్ కొంటుంది, మరోచోట పది రోజుల క్రాష్ కోర్సు. ముగ్గురూ "మా విద్యార్థిని" అంటారు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ దీని మీదే నిబంధనలు తెచ్చింది. సెలెక్ట్ అయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో వాడాలి, ఆ విద్యార్థి తీసుకున్న కోర్సు ఏంటో చెప్పాలి, సెలెక్షన్ గ్యారంటీ అనకూడదు, లేని తొందర పుట్టించకూడదు. ఫ్లెక్సీ కింద నిలబడి "ఈ పాప మీ దగ్గర ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివింది?" అని అడిగి చూడండి, పీఆర్వో ముఖం చూడాలి అప్పుడు.

అసలు మళ్లీ రాయాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు వాళ్ల ఆఫీసులో దొరకదు. ఇంట్లో, పరీక్ష రాసిన మనిషి ముందే తేల్చుకోవాలి. ఎన్టీఏ మన ఓఎంఆర్ ఇమేజీ, ఆన్సర్ కీ రెండూ ఇస్తుంది. ఒక పూట కూర్చుని తప్పుల్ని విడదీయండి: పాఠమే చదవనివి, చదివీ తప్పు పెట్టినవి, టైము లేక గుడ్డిగా దిద్దినవి. ఒక్కో తప్పుకి రావాల్సిన నాలుగు పోయి, పైగా ఒకటి కోత, అంటే ఐదు మార్కుల తేడా. గుడ్డిగా దిద్దినవే ఎక్కువుంటే దానికి ఏడాది హాస్టల్ అక్కర్లేదు, మంచి టెస్టులు చాలు. ఒక సబ్జెక్టు సగం చదవనే లేదు, పరీక్షకి ముందు జబ్బు పడ్డారు, ఇంటర్‌లో కాలేజీ సరిగ్గా లేదు, ఇలాంటి కారణం స్పష్టంగా ఉంటే మళ్లీ రాయడంలో తప్పులేదు, నా ఓటు రాయమనే. మూడు సబ్జెక్టులూ శ్రద్ధగా చదివి, గ్రాండ్ టెస్టుల్లో కూడా అంతే వచ్చి, పరీక్షలోనూ అంతే వచ్చిందంటే, అదే పని అదే పద్ధతిలో ఇంకో ఏడాది చేస్తే ఏం మారుతుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే డబ్బు కట్టొద్దు. రెండో లాంగ్ టర్మ్ విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. పిల్లలు నోరు విప్పి చెప్పరు గానీ, స్నేహితులంతా సెకండియర్‌కి వెళ్లిపోయాక మళ్లీ అదే బెంచీ మీద కూర్చోవడం మామూలు విషయం కాదు.

వాళ్లని అడగకుండా వాళ్ల పేరున అడ్మిషన్ తీసుకోకండి దయచేసి. మా నాన్న కూడా మొదట "వాణ్ణి అడిగేదేంటి" అన్నారు.

"ఇదే ఆఖరి ఛాన్స్" అని ఎవరైనా భయపెడితే అది అబద్ధం. నీట్‌కి ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసు నిబంధన 2022లోనే ఎత్తేశారు, డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండితే చాలు. ఒక ఏడాది డిగ్రీలో చేరి, తర్వాత రాయాలనిపిస్తే రాసుకోవచ్చు. ఇప్పుడొచ్చిన ర్యాంకుతో బీడీఎస్, ఆయుష్, వెటర్నరీ ఏం దొరుకుతాయో కౌన్సెలింగ్‌లో ముందు చూసుకోండి. కౌన్సెలింగ్ మొదలుకాకముందే లాంగ్ టర్మ్ ఫీజు కట్టించుకోవాలని వాళ్లు ఎందుకంత తొందరపడతారో ఆలోచిస్తే మీకే తెలుస్తుంది. అయితే సీటు తీసుకుని చేరాక వదిలేయాలంటే జరిమానాలు, ఒరిజినల్ సర్టిఫికెట్ల తిప్పలు ఉంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో వదిలేసే నిబంధన చదవకుండా మాత్రం చేరొద్దు.

అన్నీ చూసుకుని చేరదామనే అనుకుంటే, మొత్తం ఒకేసారి కట్టకండి. "ఒకేసారి కడితే పదిహేను వేలు తగ్గిస్తాం" అంటారు, ఆ పదిహేను వేలకి మన చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు పోతుంది. డెమో కాదు, నడుస్తున్న రిపీటర్ బ్యాచ్‌లో ఒక రోజు కూర్చోనివ్వమనండి. మెటీరియల్ తెరిచి పాలిమర్ల చాప్టర్ ఉందేమో చూడండి, ఉంటే మిగతాది చూడక్కర్లేదు. బ్యాచ్ సైజు, ఫ్యాకల్టీ పేర్లు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, ఈ మూడూ వాళ్ల లెటర్‌హెడ్ మీదో, కనీసం వాట్సాప్‌లోనో రాయించుకోండి. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి కొంత బిల్లుతో, కొంత క్యాష్‌లో కట్టమంటారు. క్యాష్ ఇచ్చారంటే రేపు అడగడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. మాకు హాస్టల్ డబ్బు తిరిగి రావడానికి కారణం ఆ మొత్తం బ్యాంకు ద్వారా వెళ్లడమే.

ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు ముందు ఈమెయిల్‌లో, తేదీతో సహా, మానేస్తున్నామని రాసి పంపండి. నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు, మానేసిన తేదీ దగ్గరే వాదన మొదలవుతుంది. రసీదులు, బ్రోచర్, పీఆర్వో వాట్సాప్ మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, వాళ్లు తర్వాత డిలీట్ చేస్తారు. తర్వాత 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపయితే కేసు ఫీజు ఉండదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే కామెంట్‌లో అడగండి, మేం రాసినదాంట్లో పేర్లు కొట్టేసి నమూనా పెడతాను.