తిరుమల ఘాట్ రోడ్డులో బీఎస్-6 డీజిల్: నాలుగేళ్ల వాడకం

2021లో కొన్న మా ట్రావెల్స్ బండి తిరుపతి నుంచి తిరుమలకు రోజూ ఒక్క ట్రిప్పయినా వేస్తుంది. అంతకుముందు చాలాకాలం బీఎస్-3 (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన పరిమితుల మెట్టు) బండి నడిపాను కనుక, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌ను పాతదానితో పోల్చి చెప్పగలను.

అప్పట్లో అలిపిరి దగ్గర బండ్ల వరుసలో ఆగితే ముందు బండి పొగ ఘాటుకు గొంతు మండేది, వెనక సీట్లోని పెద్దవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. ఇప్పుడు అదే వరుసలో అద్దం దించుకుని కూర్చుంటున్నాం. ఇందులో కొత్త ఇంజన్లకూ వాటా ఉంది. అయితే వాటి పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే ప్లాటినం పూత గంధకాన్ని ఓర్వలేదు కాబట్టి, డీజిల్ శుభ్రపడితేనే ఆ ఏర్పాటు నిలుస్తుంది.

కిలో డీజిల్‌లో బీఎస్-3 కాలంలో 350 మిల్లీగ్రాముల దాకా ఉండనిచ్చిన గంధకం బీఎస్-4లో 50కి, ఇప్పుడు 10కి దిగింది. అంటే 40 లీటర్ల ట్యాంకులో పదకొండు గ్రాములకు పైగా ఉండగలిగినది ఇప్పుడు గ్రాములో మూడో వంతుకు మించదు. శుద్ధి కర్మాగారంలో డీజిల్‌ను హైడ్రోజన్‌తో కలిపి, 300 నుంచి 400 డిగ్రీల వేడిలో, అధిక పీడనంతో, కోబాల్టు, మాలిబ్డినం పట్టించిన అల్యూమినా గుళికల మధ్య నుంచి పంపితే, గంధకం హైడ్రోజన్ సల్ఫైడుగా విడిపోతుంది. ప్లాటినాన్ని పాడుచేసే ఆ గంధకమే మాలిబ్డినంతో కలిసి సల్ఫైడైనప్పుడు ఆ గుళికల్లోని ఉత్ప్రేరకానికి (రసాయన చర్యను వేగిరపరిచే పదార్థానికి) చురుకునిస్తుందని తెలిసినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది. అన్నిటికంటే మెచ్చుకోవలసింది 50 నుంచి 10కి దిగిన ఆఖరి మెట్టు. అక్కడ మిగిలేవి గంధకాన్ని మిథైల్ గుంపుల (కార్బన్, హైడ్రోజన్ పరమాణువుల చిన్న జట్ల) చాటున దాచుకున్న మొండి అణువులు. వాటి వలయాన్ని ముందుగా హైడ్రోజన్‌తో నింపి వంచడానికి నికెల్, మాలిబ్డినం జోడీ బాగా పనికివస్తుంది.

కొత్త డీజిల్‌లో జిడ్డు లేదని, పంపులు అరిగిపోతాయని మెకానిక్కులు అంటుంటారు. ఈ శుద్ధిలో సహజమైన జిడ్డుగుణం తగ్గే మాట నిజమే కానీ, దానికి బదులుగా వేరే పదార్థం కలిపే అమ్ముతారు. నా పాత బండిలోనూ కొన్ని నెలలు ఇదే పోశాను. పంపుకు మరమ్మతు రాలేదు.

ఇబ్బంది మరోచోట ఉంది. ఘాట్‌లో నెమ్మదిగా తిరిగే బండికి మసి ఫిల్టరు నిండి దీపం వెలుగుతుంది. అప్పుడు ఆ మసి కాలిపోయేందుకు చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డులో ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపవలసి వస్తోంది.

బంకులో గంధకాన్ని కొలిచి చూపే వీలు లేదు. డెన్సిటీ (సాంద్రత) పరీక్ష కల్తీ అనుమానాన్నే తీరుస్తుంది. కానీ కిరోసిన్ కలిస్తే గంధకం తిరిగి వచ్చినట్టే కనుక అదీ ముఖ్యమే. ఒక బంకులో అడిగితే ఇప్పుడు కుదరదన్నారు. మరో బంకులో కుర్రవాడు గాజు జాడీలో డీజిల్ పట్టి, హైడ్రోమీటరు తేల్చి, వేడి కూడా చూసి, రిజిస్టరులో ఉదయం రాసిన అంకెతో సరిపోల్చి చూపించాడు. అప్పటి నుంచి అక్కడే పోయించుకుంటున్నాను.