ఏడాది రెండు నెలల వాడకం: హెడ్‌ఫోన్స్ మంచివే, కానీ మా ఇంటి నెట్‌తో పడలేదు

నిరుడు దసరా ఆఫర్లలో ఈ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ 3,200 రూపాయలకు కొన్నాను. చెవి మొత్తం కప్పే రకం. మేం ఉండేది కావలిలో. నాది హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే కాల్స్ మాట్లాడే ఉద్యోగం, రోజుకు ఎనిమిది గంటలు. హెడ్‌ఫోన్స్ మొరాయించినా, నెట్ మొరాయించినా ఆ రోజు నా పని ఆగిపోయినట్టే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మంచి సంగతులు. సౌండ్ శుభ్రంగా ఉంది. తల మీద బరువు అనిపించదు. ఒకసారి ఛార్జింగ్ పెడితే కొత్తలో మూడు రోజుల డ్యూటీ నడిచేది, ఇప్పుడు రెండు రోజులు వస్తోంది. మైకు మాత్రం ఫ్యాన్ చప్పుడు కూడా లాగేస్తుంది.

అసలు బాధ వేరే. కొన్న రెండు వారాలకే వానలు పట్టుకున్నాయి. నెల్లూరు జిల్లా వాళ్లకు తెలిసిందే, అందరికీ వానలు తగ్గే వేళకు మాకు మొదలవుతాయి. అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే వాయుగుండం మాటే. స్తంభాల మీద వేలాడే ఫైబర్ వైరు ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే నా కాల్స్‌లో 'మేడమ్, మీ వాయిస్ కట్ అవుతోంది' అనడం మొదలైంది. వాన వల్లే అనుకున్నాను. ఇంట్లో అందరం అదే అనుకున్నాం.

నెట్ కుర్రాడికి ఫోన్ల మీద ఫోన్లు చేశాను. మూడుసార్లు వచ్చాడు, వానలో తడుస్తూ. ఫైబర్ కొస ఊడదీసి, సిగ్నల్ బలం కొలిచే చిన్న మీటరులో పెట్టి నాకు చూపించాడు. 'మైనస్ 21 ఉందక్కా, లైన్ బాగుంది' అన్నాడు. నేను నమ్మలేదు. గట్టిగానే మాట్లాడాను. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే అతను చెప్పిందే నిజం.

సంక్రాంతికి ఆకాశం తేటపడింది, నా కాల్స్ మాత్రం తేటపడలేదు. పండక్కి ఒంగోలు నుంచి మా తమ్ముడు వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో నల్ల విండో తెరిచి 192.168.1.1 అని కొట్టి పింగ్ పెట్టాడు, అంటే అవతలి నుంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష. 'ఇది మన రౌటర్ అడ్రస్ అక్కా. ఇక్కడే ఆలస్యమైతే తప్పు ఇంట్లో ఉన్నట్టు, బయట లైన్‌ది కాదు' అన్నాడు. వరసగా 3, 4, 3 మిల్లీసెకన్లు పడుతున్నాయి. హెడ్‌ఫోన్స్ ఆన్ చేసి కాల్ కలిపాను. 90, 210, 160, మధ్యలో ఒకటి టైమ్ అవుట్, అంటే జవాబే రాలేదు. హెడ్‌ఫోన్స్ ఆఫ్ చేస్తే మళ్లీ 4. ఐదుసార్లు చేసి చూశాం, ఐదుసార్లూ అదే. మూడు నెలల టెన్షన్‌కి కారణం నా తల మీదే ఉంది.

ఎందుకిలా అంటే, బ్లూటూత్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. పాత రకం వైఫై కూడా ఆ ఇరుకులోనే నడుస్తుంది. హెడ్‌ఫోన్స్ వాడే బ్లూటూత్ ఆ జాగాను 79 గళ్లుగా చేసుకుని సెకనుకు 1600 సార్లు గళ్లు మారుతూ పోతుంది. వైఫై ఉన్న గళ్లను తప్పించుకుని పోయే తెలివి దానికి 2003లో వచ్చిన 1.2 వెర్షన్‌తోనే వచ్చింది. కానీ తప్పించుకోవడానికి ఖాళీ ఉండాలి కదా. మా రౌటర్ ఈ ఇరుకు జాగా, అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే ఉన్నది, పైగా 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టి ఉంది. అంటే సగం జాగా అదే తీసేసుకుంది. మిగతా సగంలో వీధిలోని రౌటర్లన్నీ ఉన్నాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. నా ల్యాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిన్న కార్డు మీద ఉన్నాయి. చాలా ల్యాప్‌టాపుల్లో ఇంతే. రెండూ వంతులవారీగా పనిచేయాలి. పాటలు వినేటప్పుడు హెడ్‌ఫోన్స్ కాస్త ముందుగానే డేటా తెచ్చి పెట్టుకుంటాయి, కాబట్టి పెద్దగా తేడా తెలియదు. మైకు వాడి మాట్లాడేటప్పుడు అలా కుదరదు. మాట ఎప్పటికప్పుడు వెళ్లాలి, బ్లూటూత్ తన వంతు వదలదు, వైఫై ఆగాల్సి వస్తుంది. అందుకే సినిమా చూస్తే బాగుండేది, కాల్ కలిపితే పాడయ్యేది.

మొదట మా తమ్ముడు రౌటర్ సెట్టింగుల్లో వెడల్పు 20కి తగ్గించి, ఛానల్ 11కి మార్చాడు. సగం నయమైంది. ఆ నెలలోనే 1,700 పెట్టి రెండు బ్యాండ్ల రౌటర్ తెచ్చుకుని ల్యాప్‌టాప్‌ను బ్లూటూత్ జోలికి రాని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు కలిపాను. ఆ రోజు నుంచి ఒక్క కాల్ కూడా ఈ కారణంతో తెగలేదు. కొనే ముందు మీ ల్యాప్‌టాప్‌కు 5 ఉందో లేదో చూసుకోండి. వైఫై కార్డు వివరాల్లో 802.11ఏసీ అని ఉంటే ఉన్నట్టే. ల్యాప్‌టాప్‌కు అసలు 5 గిగాహెర్ట్జ్ లేకపోతే మాత్రం కొత్త రౌటర్ తెచ్చినా ఉపయోగం లేదు, రౌటర్ నుంచి నేరుగా ల్యాన్ వైరు వేసుకోవడం మేలు.

5 గిగాహెర్ట్జ్‌కు గోడలంటే పడదు. మాది తాతగారి కాలం నాటి ఇల్లు, గోడలు మందం. ముందు గదిలో ఫుల్ సిగ్నల్, వంటింటికి వెళ్లేసరికి ఏమీ ఉండదు. అందుకే రెండు బ్యాండ్లకు రెండు పేర్లు పెట్టాం. అమ్మ ఫోన్ పాత బ్యాండ్ మీదే ఉంది, వంట చేస్తూ ప్రవచనాలు వినడానికి దానికి ఏ ఇబ్బందీ లేదు.

సంక్రాంతి వెళ్లగానే నెట్ కుర్రాడికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. 'పోన్లే అక్కా, ఇకమీదట నేను కూడా ముందు ఇదే అడుగుతా' అన్నాడు.

పదకొండో నెలలో చెవి దిండ్ల మీద రెక్సిన్ పొరలు పొరలుగా రాలడం మొదలైంది. మా వైపు ఉక్కకు, చెమటకు తట్టుకోలేదు. నెల్లూరు ట్రంక్ రోడ్డులో 350 పెట్టి గుడ్డవి వేయించాను, ఇవే హాయిగా ఉన్నాయి. కొనేవాళ్లు 3.5 ఎంఎం వైరు పెట్టుకునే రంధ్రం ఉన్న మోడలే తీసుకోండి. ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజు ఇప్పటికీ నేను వైరే పెట్టుకుంటాను.