మూలం వ్యాఖ్యలోనా, విడి ఫైలులోనా?

పరిశోధన పత్రంలోని అల్గారిదమ్‌ను కోడ్‌గా రాసినప్పుడు ఆ పత్రం వివరాలు ఎక్కడ పెట్టాలి? ఫంక్షన్ పైన వ్యాఖ్యలోనే (కామెంట్‌లోనే) రచయిత పేరు, సంవత్సరం, డీఓఐ (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంకేతం) రాసేయడం తేలిక. చదివేవారు మరో ఫైలు తెరవనక్కర్లేదు. ఏ సమీకరణం ఏ పుటలోదో కూడా అక్కడే చెప్పవచ్చు. కానీ అదే పత్రం పది ఫైళ్లలో అవసరమైతే పది నకళ్లు తయారవుతాయి. ఒక్క అచ్చుతప్పు దిద్దాలన్నా పదిచోట్ల వెతకాలి.

కోడ్‌కు డాక్యుమెంటేషన్ తయారుచేసే సాధనాలు డాక్సిజెన్, స్ఫింక్స్. డాక్సిజెన్‌లోని సైట్ (cite) ఆదేశం, స్ఫింక్స్‌కు ఉన్న బిబ్‌టెక్ (గ్రంథ వివరాలు భద్రపరిచే పద్ధతి) పొడిగింపు ఈ బాధ తీరుస్తాయి. వివరాలన్నీ ఒకే బిబ్‌టెక్ ఫైలులో ఉంటాయి, వ్యాఖ్యలో చిన్న సంకేతనామం చాలు. గ్రంథసూచి దానంతటదే తయారవుతుంది. అయితే ఎడిటర్‌లో నేరుగా కోడ్ చూసేవారికి ఆ సంకేతం పొడుపుకథే. చాలామంది చూసేది అక్కడే మరి! అందుకే నేను సంకేతనామం పక్కన డీఓఐ కూడా రాస్తాను.