బడిలో కౌన్సెలరా, ఫోనులో టెలీ మానసా?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వంటి చోట్ల చదువుకునే తెలుగు పిల్లలకు మనసు బాగోలేనప్పుడు రెండు దారులున్నాయి: బడిలోని కౌన్సెలర్, లేదా 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ (నంబరు 14416). దీనికి ఈ నగరంలోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం.

ఫోను సేవ ఉచితం, రాత్రింబవళ్ళు అందుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బడిలో ఇంగ్లీషుతో, వీధిలో కన్నడంతో నెట్టుకొచ్చే పిల్లవాడు అమ్మతో మాట్లాడే భాషలోనే తన బాధ చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు. కౌన్సెలర్ గది తలుపు తడితే తోటివాళ్ళు చూస్తారన్న బెరుకూ ఉండదు.

అయితే కౌన్సెలర్ కంటపడేవి ఫోనుకు తెలియవు. కొన్నాళ్ళుగా అన్నం డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకెళ్తున్న అమ్మాయిని, ముందు వరుస వదిలి చివరి బెంచీకి జరిగిపోయిన అబ్బాయిని, వాళ్ళు నోరు విప్పకముందే గుర్తించి, క్లాస్ టీచరుతో మాట్లాడి, తల్లిదండ్రులను పిలిపించి, వారం తర్వాత మళ్ళీ పలకరించగలిగేది బడిలో ఉన్న మనిషే. సీబీఎస్ఈ నిబంధనలు కౌన్సెలర్ ఉండాలంటున్నాయి. ఆ మనిషికి అడ్మిషన్ల పని అప్పగిస్తే మాత్రం ఉన్నా లేనట్టే.

నా మట్టుకు తొలి ఆసరా కౌన్సెలరే కావాలి. రాత్రి వేళకు, సెలవులకు, చనిపోవాలన్న ఆలోచన వచ్చిన ఘడియకు 14416 ప్రతి పిల్లవాడి స్కూలు డైరీ మొదటి పేజీలో ఉండాలి.