“అన్నీ టెస్ట్ చేసినవే” అన్న మాట నమ్మి మోడల్ రైలు సెట్టు కొనకండి

ఇంట్లో చిన్న మోడల్ రైల్వే లేఅవుట్ మొదలుపెడదామని సెకండ్‌హ్యాండ్ సామాను కొనబోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నాకు సెట్టు అమ్మినాయన ఒక్క వస్తువు గురించి కూడా అబద్ధం చెప్పలేదు. అయినా ఆ పెట్టెలోని సామానుతో రైలు ఒక్క చుట్టు కూడా తిరగలేదు. పైగా ఒక ఇంజిన్ మోటారు నా చేతుల్లోనే కాలిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ప్రకటనలో ఇలా ఉంది: ఓఓ/హెచ్‌ఓ (మోడల్ రైళ్ళ రెండు కొలతలు) పూర్తి సెట్టు, మూడు ఇంజిన్లు, తొమ్మిది రైలు పెట్టెలు, పట్టాలు, పాయింట్లు (రైలు దారి మార్చే పట్టాలు), కంట్రోలర్, స్టేషన్ భవనం, అన్నీ టెస్ట్ చేసినవే, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. ఫోటోలు చాలానే పెట్టారు. అన్నీ పైనుంచి తీసినవే. ఫోన్ చేసి “అన్నీ నడుస్తాయా అండీ?” అని అడిగాను. “నడుస్తాయండీ, ఒక్కొక్కటీ నేనే చూశాను” అన్నారు. అంతకుమించి ఏం అడగాలో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

పెట్టె వచ్చిన రోజు మా అమ్మాయి బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికే 120 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పున ప్లైవుడ్ కోయించి, కాళ్ళు బిగించి పెట్టాను. ఇద్దరం కూర్చుని పట్టాలు గుండ్రంగా కలిపాం. తనకి నచ్చిన నల్ల ఇంజిన్‌ని పట్టాల మీద పెట్టి కంట్రోలర్ తిప్పితే గుయ్యిమని మోత వచ్చింది, అంతే. కదల్లేదు. చాలాకాలం వాడలేదు కదా, బిగుసుకుపోయి ఉంటుందనుకుని ఇంకాస్త తిప్పాను. చేత్తో మెల్లగా ముందుకి నెట్టాను. ఒక నిమిషం గడిచేసరికి కాలిన వాసన వచ్చింది. ముట్టుకుంటే ఇంజిన్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

మోడల్ రైళ్ళ పనిలో ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న ఒక పెద్దాయన ఇంటికి ఆ ఇంజిన్‌నీ కంట్రోలర్‌నీ తీసుకెళ్ళాను. ఆయన ఇంజిన్ జోలికి పోకుండా ముందు కంట్రోలర్‌ని వెనక్కి తిప్పి, దాని మీది రేకు చదివారు. ఆ తర్వాత వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టారు. డీసీలో (ఒకే దిశలో పారే కరెంటు) సున్నా చూపించింది. ఏసీలోకి (దిశ మారుతూ ఉండే కరెంటు) మార్చి నాబ్ చివరిదాకా తిప్పితే 16 వోల్టులు. “బాబూ, ఇది మూడు పట్టాల పద్ధతి వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్. నీ నల్ల ఇంజిన్ రెండు పట్టాలది” అన్నారు.

ఆ ఒక్క మాటతో నా పెట్టె కథంతా బయటపడింది. ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. చక్రాలు నడిచే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. కానీ ఆ కొలతలోనే కరెంటు అందించే పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. ఎక్కువ కంపెనీలు వాడేది రెండు పట్టాల పద్ధతి. ఒక పట్టాలో ప్లస్, రెండో పట్టాలో మైనస్, 12 వోల్టుల దాకా డీసీ. రైలు వెనక్కి వెళ్ళాలంటే ప్లస్, మైనస్‌లు తారుమారు చేస్తే చాలు. జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ హెచ్‌ఓలో నడిపేది మూడు పట్టాల పద్ధతి. అందులో రెండు పట్టాల మధ్య, స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మీద వరసగా చిన్న చిన్న లోహపు బొడిపెలుంటాయి. ఇంజిన్ అడుగున ఉండే పొడవాటి రేకు వాటిని రాసుకుంటూ పోతూ కరెంటు తీసుకుంటుంది. పాత అనలాగ్ సెట్లలో అది ఏసీ. దిశ మార్చడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీని, సుమారు 24 వోల్టులు, ఒక్క క్షణం పంపుతారు. ఆ పద్ధతిని తప్పుపట్టడానికి ఏమీ లేదు, దశాబ్దాలుగా బ్రహ్మాండంగా నడుస్తోంది. కానీ డీసీ మోటారుకి ఏసీ ఇస్తే అది తిరగదు, అక్కడే కంపిస్తూ వేడెక్కుతుంది. మా ఇంజిన్‌కి జరిగింది అదే.

పెద్దాయన తన డీసీ కంట్రోలర్ ఒకటి అరువిచ్చారు. రెండో ఇంజిన్ పెట్టాం. కదల్లేదు. బోర్లా తిప్పి చూస్తే అడుగున పొడవాటి రేకు కనిపించింది. అంటే నాకొచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌కి అసలు జోడీ ఈ ఇంజినే. కానీ దానికి కావలసిన మూడు పట్టాల ముక్క ఒక్కటీ పెట్టెలో లేదు. ఉన్న పట్టాలన్నీ రెండు పట్టాల పద్ధతివే.

మూడో ఇంజిన్ నడిచింది! మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. వెనక నాలుగు పెట్టెలు తగిలించగానే ఆగిపోయింది, కంట్రోలర్ మీద ఎర్ర లైటు వెలిగింది. షార్ట్ సర్క్యూట్. పెట్టెలు తీసేస్తే నడుస్తుంది, పెడితే ఆగుతుంది. కారణం ఇరుసులు. మూడు పట్టాల పద్ధతిలో బయటి రెండు పట్టాలూ కరెంటు తిరిగి వెళ్ళే దారే కాబట్టి, ఇరుసుకి రెండువైపులా ఉన్న చక్రాలు లోహంతో నేరుగా కలిసి ఉన్నా ఇబ్బంది లేదు. రెండు పట్టాల పద్ధతిలో అలాంటి ఇరుసు పెట్టామంటే ప్లస్‌నీ మైనస్‌నీ తీగతో కలిపినట్టే. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంటుకి దారి ఉంటే బీప్ మోగే సెట్టింగ్) పెట్టి ఒక్కో ఇరుసు మీది రెండు చక్రాలకీ తీగలు ఆనించి చూశాం. తొమ్మిది పెట్టెల్లో అయిదింటికి బీప్ మోగింది. మోగకూడదు.

ఇదంతా అయ్యాక అమ్మినాయనకి ఫోన్ చేశాను. కోపంగానే చేశాను, దాచుకోవడం ఎందుకు. ఆయన మాత్రం ఓపిగ్గా మాట్లాడారు. ఎలా టెస్ట్ చేశారని అడిగితే చెప్పారు. నల్ల ఇంజిన్‌ని, మూడో ఇంజిన్‌ని బోర్లా పెట్టి 9 వోల్టుల బ్యాటరీ తీగలు చక్రాలకి ఆనించారట, చక్రాలు తిరిగాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కి బల్బు తగిలించారట, వెలిగింది. రెండో ఇంజిన్‌ని ఆ ట్రాన్స్‌ఫార్మర్‌తోనే చూశారట, మోగింది, తిరిగింది. పెట్టెల్ని బల్ల మీద చేత్తో దొర్లించారట, చక్కగా దొర్లాయి. “నేను చెప్పిందాంట్లో ఏది అబద్ధమండీ?” అన్నారు. ఏదీ కాదు. రెండు మూడు ఇళ్ళలో మిగిలిపోయిన సామాను కొని, ఒక పెట్టెలో సర్ది, “పూర్తి సెట్టు” అని పేరు పెట్టారు. ఆ రెండు పదాలే నన్ను ముంచాయి. వాడిన వస్తువులు వాపసు తీసుకునేది లేదని ప్రకటన అడుగున రాసే ఉంది. దాన్ని నేను చదివాను కూడా.

కాబట్టి “నడుస్తుందా?” అని అడగకండి. “ఈ ఇంజిన్, ఈ కంట్రోలర్‌తో, ఈ పట్టాల మీద, ఈ పెట్టెల్ని లాగుతూ నడిచే వీడియో పంపండి” అని అడగండి. ఆ వీడియోలో రైలు నెమ్మదిగా నడవాలి, ముందుకీ వెనక్కీ నడవాలి, ఒక పాయింటు మీదుగా కూడా వెళ్ళాలి. జోరుగా పరిగెత్తిస్తే లోపాలు కనపడవు. నా మూడో ఇంజిన్ జోరుగా బాగానే పోతుంది. నెమ్మదిగా నడిపితే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా టక్కుమని కొట్టుకుంటుంది. ఇనుప ఇరుసుకి బిగించిన ప్లాస్టిక్ పళ్ళచక్రం ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుని, సన్నగా పగిలి, ఆ పగులు దగ్గర పళ్ళ మధ్య సందు పెరిగింది. ఇది పాత ఇంజిన్లలో మామూలుగా వచ్చే జబ్బే, పళ్ళచక్రం మారిస్తే పోతుంది. కానీ బోర్లా పెట్టి బ్యాటరీతో తిప్పినప్పుడు ఆ చప్పుడు ఎవరికీ పట్టుబడదు.

ఆ మూడో ఇంజిన్ గురించి ప్రకటనలో “డీసీసీ రెడీ” అని కూడా ఉంది. డీసీసీ అంటే ఒక్కో ఇంజిన్‌కి విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ కంట్రోల్. దానితో నడుస్తుందని నేను అనుకున్నాను. రెడీ అంటే లోపల డీకోడర్ (ఆ ఆదేశాలు అందుకుని మోటారుని నడిపే చిన్న సర్క్యూట్) పెట్టుకోవడానికి సాకెట్ ఉందని మాత్రమే అర్థం. డీకోడర్ విడిగా కొనాలి. డీకోడర్ ఉన్నదైతే “ఫిట్టెడ్” అని రాస్తారు. ఈ రెండు మాటలకీ తేడా తెలుసుకోండి.

అడుగుభాగం ఫోటోలు తప్పకుండా అడగండి. ఇంజిన్‌దీ, ప్రతి పెట్టెదీ. పొడవాటి రేకు ఉంటే అది మూడు పట్టాలది. చక్రం మధ్యలో ఇరుసు దగ్గర నల్లటి ప్లాస్టిక్ పొర కనిపిస్తే సాధారణంగా ఆ చక్రం ఇన్సులేట్ చేసినది. కంట్రోలర్ వెనక రేకు ఫోటో కూడా తప్పదు. అవుట్‌పుట్ అని ఉన్నచోట అలలా వంపు గీత ఉంటే ఏసీ, ఒక నిండు గీత కింద చుక్కల గీత ఉంటే డీసీ. కొన్ని కంట్రోలర్లలో రెండూ ఉంటాయి. రైలుకి డీసీ, లైట్లకీ పాయింట్లకీ ఏసీ. అప్పుడు ఏ స్క్రూలు దేనివో చూడాలి. కరెంటు వైరు బిరుసెక్కి, వంచితే పగుళ్ళు తేలే పాత ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. పిల్లలు చేతులు పెట్టే వస్తువది.

పట్టాల సంగతి. నాకొచ్చినవాటిలో సగం పసుపు ఛాయలో, సగం వెండి ఛాయలో ఉన్నాయి. పసుపువి ఇత్తడి. వాటి మీద త్వరగా మడ్డి పేరుకుని కరెంటు సరిగ్గా అందదు, తరచూ తుడుస్తూ ఉండాలి. వెండి ఛాయవి నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. కొత్తవాళ్ళకి అదే మంచిది. అయస్కాంతం అంటుకుందంటే ఉక్కు పట్టా, తుప్పు పడుతుంది. దీనికన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది పట్టా ఎత్తు. కోడ్ 100 అంటే పట్టా ఎత్తు అంగుళంలో 100 వేలవ వంతులు, 2.54 మిల్లీమీటర్లు. కోడ్ 83 అంటే 2.1. రెండూ కలిపినచోట సుమారు 0.4 మిల్లీమీటర్ల మెట్టు వస్తుంది. పేపరు మీద చూస్తే ఏమంత అనిపించదు. కానీ ఆ అతుకు దగ్గరే మా రైలు మళ్ళీ మళ్ళీ పట్టాలు తప్పింది. వీటిని కలపడానికి ప్రత్యేకమైన జాయినర్లు దొరుకుతాయి. అసలు మొదట్లోనే అన్నీ ఒకే కోడ్‌వి తీసుకుంటే ఈ బాధ ఉండదు.

వంపు వ్యాసార్థం అడగకుండా బల్ల కోయించకండి. నా పెట్టెలో ఉన్న వంపు పట్టాలు 360 మిల్లీమీటర్ల వ్యాసార్థంవి. అందులోని రెండు ప్రయాణికుల పెట్టెలు యూరప్‌లో నడిచే 26.4 మీటర్ల పెట్టెల నమూనాలు, హెచ్‌ఓలో 303 మిల్లీమీటర్ల పొడవు. అంత చిన్న వంపులో వాటి నడుము లోపలికీ మూలలు బయటికీ పొడుచుకొచ్చి, కప్లింగులు (పెట్టెల్ని కలిపే కొక్కేలు) ఒకదాన్నొకటి లాక్కుని పెట్టెలు పడిపోతాయి. పెద్ద వంపు వేద్దామంటే 90 సెంటీమీటర్ల బల్ల మీద చోటు లేదు. పొట్టి గూడ్స్ పెట్టెలతో అయితే ఆ వంపులో హాయిగా తిరుగుతుంది.

ఓఓ/హెచ్‌ఓ అన్న మాట కూడా నన్ను తప్పుదోవ పట్టించింది. ఓఓ బ్రిటిష్ కొలత, 76వ వంతు. రెండూ ఒకే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడుస్తాయి, అది నిజం. కానీ ఓఓ స్టేషన్ పక్కన హెచ్‌ఓ రైలు ఆగితే తలుపులూ కిటికీలూ పొంతన లేకుండా కనిపిస్తాయి. మా అమ్మాయి చూసిన వెంటనే “నాన్నా, ఈ స్టేషన్‌లో ఉండేవాళ్ళు రైలెక్కితే తల తగులుతుంది” అంది.

ఇంకొకటి. చాలా పాత ఇంజిన్ల పోత లోహపు ఛాసీ (అడుగు చట్రం) ఫోటోని పెద్దది చేసి చూడండి. ఎండిన చెరువులో మట్టిలా సన్నటి పగుళ్ళు, ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే వదిలేయండి. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. జింకు పోతలో సీసంలాంటి మలినం కలవడం వల్ల లోహం లోపల్నుంచే విడిపోతుంది. దానికి మందు లేదు. నా పెట్టెలో ఇది లేదు గానీ, పెద్దాయన దగ్గర ఇలా పొడైపోయిన ఇంజిన్ ఒకటి చూశాను.

మొదటిసారి కొనేవాళ్ళకి నా గట్టి సలహా: ఒకే కంపెనీ చేసిన స్టార్టర్ సెట్టు, ఒక ఇంజిన్, రెండు మూడు పెట్టెలు, ఒక గుండ్రం పట్టా, దాని సొంత కంట్రోలర్. అందులో వస్తువులు తక్కువ, కానీ అవి ఒకదాని కోసం ఒకటి తయారైనవి. నాలుగు నెలలు దానితో ఆడాక ఏది కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు పాత సామాను వెతుక్కోవచ్చు. తెలిసినవాళ్ళకి పాత సామాను నిజంగా మంచి బేరం.

ఇప్పుడు మా బల్ల మీద కొత్త డీసీ కంట్రోలర్‌తో మూడో ఇంజిన్ తిరుగుతోంది, పళ్ళచక్రం మార్చాం. వెనక నాలుగు గూడ్స్ పెట్టెలు. నల్ల ఇంజిన్ మోటారు కోసం ఇంకా వెతుకుతున్నాం. మూడు పట్టాల ఇంజిన్‌ని, దాని ట్రాన్స్‌ఫార్మర్‌ని, ఆ అయిదు పెట్టెల్ని కలిపి, ఆ పద్ధతి లేఅవుట్ ఉన్నవాళ్ళకే పనికొస్తాయని స్పష్టంగా రాసి అమ్మకానికి పెట్టాను. ఆ ప్రకటనలో మొదటి ఫోటో ఇంజిన్ అడుగుభాగానిది.