కాలువల పాత పుస్తకాల రీప్రింట్లు: చదవడానికి సరే, బొమ్మలకి కాదు

గోదావరి, కృష్ణా కాలువలు తవ్విన నాటి బొమ్మల పుస్తకాల కోసం విశాఖపట్నంలో కూర్చుని ఫోన్లో వెతికితే మొదట తగిలేవి రీప్రింట్లే. ఆర్డరు పడ్డాక ఒకే ఒక్క కాపీ అచ్చేసి, పల్చటి అట్ట వేసి, కొరియర్లో పంపేస్తారు. అమ్మేవాళ్లు చాలామందే ఉన్నా సరుకు దాదాపు ఒకటే. నెట్‌లో ఉచితంగా దొరికే స్కానే మళ్లీ కాగితం మీదకి వస్తుంది. అందుకని ఇది ఏ ఒక్క సంస్థ మీదా రాసిన సమీక్ష కాదు, ఆ రకం సరుకు మీద రాసింది. అక్షరాలకి అయిదింట నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. బొమ్మలకి ఒకటి ఇస్తే ఎక్కువ.

ఈ పుస్తకాల్లో బొమ్మే అసలు సరుకు కాబట్టి ఆ ఒక్క మార్కు మిగతా నాలుగింటినీ మింగేస్తుంది. మద్రాసు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసిన జార్జి వాల్చ్ గోదావరి డెల్టా పనుల మీద 1896లో, కృష్ణా డెల్టా మీద 1899లో పుస్తకాలు తెచ్చాడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట ఒక్క గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని లంకల మధ్య నాలుగు ముక్కలు, కట్టుబడి అంతా కలిపి సుమారు రెండుంపావు మైళ్లు. ఇప్పుడు అక్కడ కనబడేది 1982లో పూర్తయిన బ్యారేజీ. బెజవాడలో 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ ఉంది. పాత కట్టుబడి అడ్డుకోత (అడ్డంగా కోస్తే లోపల కనబడే రూపం) ఎలా ఉండేది, ఇసుకలో పునాది ఎంత లోతుకి దింపారు, దిగువన రాళ్లు ఎంత దూరం పరిచారు అన్నది చూడాలంటే ఇక కాగితం మీదే చూడాలి. వాక్యాల్లో చదివితే సగమే అర్థమవుతుంది.

బొమ్మలు ఎందుకు పాడవుతాయంటే, తప్పు అచ్చులో జరగదు, అంతకుముందే స్కాన్‌లో జరిగిపోతుంది. ఈ ప్లేట్లు, అంటే విడిగా అచ్చేసి పుస్తకంలో కలిపిన బొమ్మల ఆకులు, చాలావరకు మడతలు. మూడు నాలుగు మడతలు విప్పితే గానీ పూర్తి డ్రాయింగు కనబడదు. రోజుకి వేల పేజీలు తిప్పే స్కానింగు మనిషి ఆ మడత విప్పడు, పేజీ తిప్పినట్టే తిప్పేసి ఫొటో తీస్తాడు. రీప్రింట్‌లో మనకి వచ్చేది మడత పై పొర ఒక్కటే. సగం లాకు గది (కాలువలో పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది), ఒక పక్క గోడ, శీర్షికలో చివరి మూడక్షరాలు, కింది పొర నుంచి తేలిన నల్లటి నీడ. లాకు తలుపులు రెండూ ఎగువ నీటి వైపు కోణం చేసుకుని మూసుకుంటాయి, నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఆ కోణం గీసిన చోటే మడత పడితే డ్రాయింగు మొత్తంలో చూడాల్సిన ఒక్క సంగతీ పోయినట్టే.

మడత విప్పి స్కాన్ చేసిన కాపీ దొరికినా కథ అయిపోలేదు. 26 అంగుళాల ప్లేటుని 6 అంగుళాల పేజీలో కుదిస్తారు. మార్జిన్లు పోగా మిగిలేది 5 అంగుళాలు. అంటే బొమ్మ అయిదింతల పైన చిక్కిపోయింది. కింద మాత్రం ‘అంగుళానికి 8 అడుగులు’ అని పాత రాత అలాగే ఉంటుంది. అసలు ప్లేటు మీద 2 అంగుళాలున్న 16 అడుగుల లాకు, రీప్రింట్‌లో 0.4 అంగుళం కూడా ఉండదు. ఆ రాత నమ్మి స్కేలు పెట్టి కొలిస్తే 3 అడుగుల లాకు వస్తుంది, అందులోంచి పడవ కాదు కదా మేక కూడా తిరగదు. అడుగుల గుర్తులతో గీసిన స్కేలు బార్ బొమ్మలోనే ఉంటే ఫరవాలేదు, అది కూడా బొమ్మతో పాటే చిక్కుతుంది కాబట్టి కొలతలు దాని మీద తీసుకోవచ్చు. రాసిన స్కేలుని మాత్రం రీప్రింట్‌లో ఎప్పుడూ నమ్మకూడదు.

రంగుల సంగతి ఇంకా అన్యాయం. చేత్తో రంగు వేసిన ఇంజనీరింగు డ్రాయింగుల్లో రంగు అలంకారం కాదు, భాష. ఇటుక కట్టుబడికి ఎరుపు, కర్రకి గోధుమ రంగు, పోత ఇనుముకి బూడిద, సుత్తితో సాగగొట్టిన ఇనుముకి (రాట్ ఐరన్) నీలం, నీటికి లేత నీలం. నలుపు-తెలుపు స్కాన్‌లో ఇవన్నీ ఒకే మసి. తలుపు కర్రదో ఇనుపదో చెప్పలేని లాకు బొమ్మని పెట్టుకుని ఏం చేసుకుంటాం?

కొనే ముందు అమ్మకం పేజీలో మూడు చోట్ల చూస్తే చాలు, డబ్బు మిగులుతుంది. ‘పేజీలు లోపించవచ్చు, మసకగా ఉండవచ్చు’ అనే వాక్యం వివరణ అడుగున దాక్కుని ఉంటే అది హెచ్చరిక కాదు, వాగ్దానం అనుకోండి. రెండు, ఎన్ని సంపుటాలో చూడాలి. ఈ రకం పుస్తకాల్లో మాటర్ ఒక సంపుటం, బొమ్మలు వేరే పెద్ద అట్లాసుగా రావడం మామూలు. గంగా కాలువ కట్టించిన ఇంజనీరు కాట్లీ దాని మీద 1860లో తెచ్చిన నివేదిక మూడు సంపుటాలు, పైన ఒక అట్లాసు. కాలువలు, వంతెనలు కట్టిన బ్రిటిష్ ఇంజనీరు టెల్‌ఫోర్డ్ జీవిత చరిత్రకి 1838లో అట్లాసు విడిగా వచ్చింది. రీప్రింట్ వాళ్లు అమ్మేది ఎక్కువగా మాటర్ సంపుటమే, అట్లాసు వాళ్ల మిషన్లో పట్టదు. మూడు, లోపలి పేజీల నమూనాలో ఒక్క ప్లేటయినా చూపించారా. అట్ట మీద బొమ్మని లెక్కలోకి తీసుకోకండి. గోదావరి పుస్తకానికి మంచు కొండల అట్ట వేసినా వేస్తారు.

ఆ డబ్బుతో విశాఖలో ఇంతకన్నా మంచి పని చేసుకోవచ్చు. అదే స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ నుంచి దింపుకుని, ప్లేట్లు మాత్రం ప్లాటర్ (పెద్ద కాగితాల ప్రింటరు) మీద తీయించండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్లాన్ అప్రూవల్‌కి బిల్డింగు డ్రాయింగులు తీసే కొట్టు ఏదైనా సరే. ఒకే పుస్తకానికి ఒకటికి మించి స్కాన్లు ఉండొచ్చు, అన్నీ తెరిచి మడత విప్పినది ఏదో చూడాలి. పీడీఎఫ్ కన్నా విడి పేజీల బొమ్మ ఫైళ్లు మేలు, పీడీఎఫ్‌లో కుదింపు ఎక్కువ కాబట్టి సన్న గీతలు తెగిపోతాయి. 26 అంగుళాల ప్లేటు అసలు సైజులో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే ఫైలు వెడల్పు 7,800 పిక్సెళ్లుండాలి. 2,000 పిక్సెళ్లే ఉంటే 77 డీపీఐ పడుతుంది, గోడకి తగిలించి దూరం నుంచి చూడ్డానికి తప్ప పనికిరాదు.

కొట్లో జరిగే తప్పు ఒక్కటే, ప్రతిసారీ అదే. ‘ఫిట్ టు పేజ్’ టిక్ తీయరు. ఏ1 కాగితం 594 × 841 మిల్లీమీటర్లు, ప్లేటు దానికన్నా చిన్నదైతే సాగదీసి నింపేస్తారు. వంద శాతంలో తీయమని చెప్పి, బయటికి రాగానే స్కేలు బార్ మీద టేపు పెట్టండి. అంగుళానికి 8 అడుగుల డ్రాయింగులో 40 అడుగుల గుర్తు సరిగ్గా 5 అంగుళాల దగ్గర పడాలి. నాలుగున్నర దగ్గర పడిందంటే 111 శాతానికి పెంచి మళ్లీ తీయించాలి. ఇంకు పిగ్మెంటుదో (రంగు పొడి కలిపింది) డైదో (రంగు కరిగించింది) అడగండి. డై ఇంకు ఈ ఊరి తేమకి ఒక వానాకాలంలోనే అంచులు చిమ్ముతుంది.

ఇక అసలు పుస్తకాలే కావాలనుకునేవాళ్లకి. ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. పాతదైతే పెళుసు, కొత్తదైతే గట్టి అనుకుంటారు. కాగితం విషయంలో తిరగబడుతుంది. 1792లో ఫిలిప్స్ తెచ్చిన కాలువల చరిత్ర, తర్వాత ఆవిరి పడవతో పేరుకెక్కిన రాబర్ట్ ఫుల్టన్ 1796లో 17 ప్లేట్లతో వేసిన కాలువల పుస్తకం, ఇవి గుడ్డ పేలికల కాగితం మీద అచ్చయ్యాయి. వెలుతురుకి పట్టుకుంటే వాటర్‌మార్కు కనబడుతుంది, మడిచినా తెగదు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి కర్ర గుజ్జు కాగితం వచ్చింది. అందులో ఉండే ఆమ్లం కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుంది. 1890ల పుస్తకం ఒకటి మూల మడిచి చూస్తే అప్పడంలా విరగొచ్చు. కాబట్టి మూల మడిచి చూడకండి, అంచు రంగు చూడండి. అంచుల నుంచి లోపలికి టీ రంగు పాకిందంటే ఆమ్లమే.

ప్లేట్లు లెక్కపెట్టకుండా డబ్బివ్వొద్దు. పుస్తకం మొదట్లో ప్లేట్ల జాబితా ఉంటుంది, నంబరుకి నంబరు సరిచూడాలి. ప్లేట్లు కోసి ఫ్రేములు కట్టి అమ్ముకునేవాళ్లు ఎక్కువ. కోసిన చోట వెన్ను దగ్గర సన్నటి కాగితం పట్టీ మిగిలి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. పొడవాటి కట్టడమైతే బొమ్మలోనే లెక్క ఉంటుంది. పి.గన్నవరం పాత అక్విడక్టుకి (నది పాయ మీదుగా కాలువని దాటించే వంతెన) 49 కమానులు, ప్లేటు మీద అంతకన్నా తక్కువ కనబడితే అది భాగం డ్రాయింగేనా, చివరి మడత చిరిగి పోయిందా అని శీర్షిక చూసి తేల్చుకోవాలి.

పదింతల భూతద్దం ఒకటి జేబులో ఉంటే మిగతా మోసాలు దొరికిపోతాయి. రాగి రేకు మీద చెక్కి తీసిన బొమ్మలో సిరా గీత కాస్త ఉబ్బుగా ఉంటుంది, ప్లేటు చుట్టూ కాగితం నొక్కుకున్న గుర్తు ఉంటుంది, అంచులు కత్తిరించి ఉంటే ఆ గుర్తు పోతుంది. లితోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి తీసిన అచ్చు) చదునుగా, గీత అంచు సన్న ఇసుకలా ఉంటుంది. వరసగా పేర్చిన చుక్కలు కనబడితే అది ఫొటో పద్ధతి అచ్చు. 1880లకి ముందు తేదీ ఉన్న పుస్తకంలో చుక్కలు కనబడ్డాయంటే ఆ ఆకు తర్వాత ఎవరో అతికించిందే.

కొన్న పుస్తకం బైండు ఊడితే ఊళ్లో బైండింగు కొట్టుకి ఇచ్చేస్తాం. అక్కడే ఎక్కువ పుస్తకాలు చస్తాయి. కాలేజీ రికార్డులకి చేసినట్టే మూడు వైపులా కటింగు కొడతారు. మడత ప్లేటు అంచు కత్తి కింద పడితే ఆ మడత గీత తెగి, ఒక్క డ్రాయింగు నాలుగు పట్టీలవుతుంది. ఇచ్చే ముందే ‘కటింగు వద్దు, తెల్ల జిగురు వద్దు, లామినేషన్ వద్దు’ అని కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. వడ్రంగం తెల్ల జిగురు ఆరాక నీటితో వదలదు, మళ్లీ విప్పాలంటే కాగితం కూడా ఊడొస్తుంది. గోధుమ స్టార్చి ఉడికించిన జిగురూ, పల్చటి జపాన్ టిష్యూ వాడేవాళ్లకే ఇవ్వాలి. ప్లేట్లు ఎక్కువున్న పుస్తకానికి వెన్ను దగ్గర ప్లేటుకొక గార్డు పట్టీ (ప్లేటు మందానికి సరిపడా వెన్నుని లావు చేసే కాగితం పట్టీ) కుట్టమనాలి, లేకపోతే ముందు వైపు ఉబ్బి, అట్ట మూసుకోదు.

భద్రపరచడంలో విశాఖకి సముద్రమే సమస్య. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకి పండగ, ఇక్కడ అంతకన్నా ఎక్కువున్న నెలలే ఎక్కువ. 500 రూపాయల లోపు హైగ్రోమీటరు (తేమ కొలిచే మీటరు) బీరువాలో పెట్టి, 45 నుంచి 55 మధ్య ఉంచడమే లక్ష్యం. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ 100 గ్రాముల సంచీతో మొదలుపెట్టి, ముల్లు చూస్తూ పెంచండి. మరీ ఎక్కువ పెట్టి 35కి దింపితే తోలు బైండు పగులుతుంది. రంగు మారిన జెల్‌ని ఓవెన్‌లో 110-120 డిగ్రీల్లో రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. బీరువా గోడకి జానెడు దూరం, నేలకి జానెడు ఎత్తు ఉండాలి, చెదలు ముందు గోడ వెంటే వస్తాయి. సిల్వర్ ఫిష్ (కాగితం తినే వెండి రంగు పురుగు) కనబడితే పుస్తకాన్ని పాలిథీన్‌లో గట్టిగా చుట్టి ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. తీశాక ఒక రోజంతా చుట్టు విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

మడత ప్లేటు విప్పేటప్పుడు పుస్తకాన్ని టేబుల్ మీద పెట్టి, ప్లేటు వైపు పుస్తకం మందమంత అట్టలు పేర్చి ఎత్తు సమం చేసుకోండి, ప్లేటు గాల్లో వేలాడితే వెన్ను దగ్గరే చిరుగుతుంది. ఏ వరసలో విప్పారో దానికి తిరుగు వరసలో పాత గీతల మీదే మడవాలి. ఏ మడతైనా మొరాయిస్తే ఆ రోజుకి వదిలేయండి.