మారిన్ కౌంటీ సివిక్ సెంటర్: ఫొటోలకు కాదు, పని మీద వెళ్ళేవాళ్ళ కోసం

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి 101 హైవే మీద ఉత్తరానికి వస్తుంటే, శాన్ రఫాయెల్ దగ్గర కుడివైపు నీలం కప్పుతో ఓ పొడవాటి కట్టడం కనిపిస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని మ్యూజియం అనుకుంటారు. అది మా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసు. ఇంటి పన్ను, పెళ్ళి లైసెన్సు, ఎన్నికల విభాగం, కోర్టులు, లైబ్రరీ అన్నీ అక్కడే. ఆర్కిటెక్చర్ మీద ఇష్టం ఉన్నవాళ్ళు కెమెరాలతో వస్తారు. నేను చాలా ఏళ్ళుగా ఫైలు పట్టుకుని వెళ్తున్నాను.

ముందు కొంచెం చరిత్ర. పేరుమోసిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కి ఈ పని అప్పజెప్పింది 1957లో. అప్పటికే ఆయన తొంభైకి దగ్గర పడ్డారు, 1959లో పోయారు. ఆఫీసుల వైపు 1962లో, కోర్టుల వైపు 1969లో శిష్యుల చేతుల మీదుగా పూర్తయ్యాయి. మధ్యలో 1961లో కౌంటీని నడిపే బోర్డులో బలాబలాలు మారి, పని ఆపించి, సగం లేచిన భవనాన్ని ఆసుపత్రి చేద్దామన్నారు. జనం గట్టిగా అడ్డం తిరగడంతో పని మళ్ళీ మొదలైంది. అమరావతి కథ చూసినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

నాకు ఈ భవనంలో అన్నిటికన్నా నచ్చేది లోపలి నడవా. ఈ చివర నుంచి ఆ చివరి దాకా మధ్యలో ఖాళీ వదిలి, దానికి రెండు పక్కలా ఆఫీసులు పెట్టారు. రైట్ మొదట అనుకున్న ప్రకారం ఆ ఖాళీ మన మండువా లోగిలిలా ఆకాశానికి తెరిచే ఉండాలి. తర్వాత వెలుగు దిగే కప్పు వేశారు. పై అంతస్తులకు వెళ్ళేకొద్దీ ఆ ఖాళీ వెడల్పవుతుంది కాబట్టి కింది అంతస్తు దాకా ఎండ దిగుతుంది. ఎర్రటి నేల, బంగారు రంగు లోహపు పని, ఎక్కడ చూసినా గుండ్రని ఆకారాలే. వంతు కోసం నిలబడ్డప్పుడు కూడా ప్రభుత్వ ఆఫీసులో ఉన్నామన్న నీరసం రాదు. నేను చూసిన సర్కారీ భవనాల్లో ఈ మాట ఇంకో దాని గురించి అనలేను.

ఇక ఇబ్బందులు. కొండల మధ్య వంతెనలా కట్టారు కాబట్టి ఒక్కో గుమ్మం ఒక్కో అంతస్తులోకి తెరుచుకుంటుంది. నేల మీంచే లోపలికి వచ్చాం కదా, ఇది మొదటి అంతస్తేలే అనుకుంటే తప్పే. నడవా ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే ముందు గది నంబరు కనుక్కుని, దానికి దగ్గరి గుమ్మం దగ్గర దింపండి. పార్కింగ్ నుంచి నడిపించారా, సగం ఓపిక అక్కడే అయిపోతుంది. వానకి కప్పు కారడం ఈ భవనానికి మొదటినుంచీ ఉన్న జబ్బు. బయటి ఆర్చీలు కూడా భవనాన్ని మోస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, పైనుంచి వేలాడదీసిన అలంకారమే. పండితులు దీనికి తిట్టిపోశారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఆర్చీల నీడలో నిలబడ్డాక నేనైతే తిట్టలేను.

పనుల సంగతికొస్తే, ఇంటి పన్ను కట్టడానికి ఇంత దూరం రావక్కర్లేదు. మొదటి వాయిదా డిసెంబర్ 10 లోపు, రెండోది ఏప్రిల్ 10 లోపు. దాటితే 10 శాతం జరిమానా. బ్యాంకు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో కట్టేసి ఊపిరి పీల్చుకోండి.

పెళ్ళి లైసెన్సుకి మాత్రం ఇద్దరూ కలిసి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డులతో రావాలి. మనవాళ్ళు చాలామంది లివర్‌మోర్ గుళ్ళో తాళి కట్టించేసి, పెళ్ళి అయిపోయిందనుకుంటారు. కాలిఫోర్నియా లెక్కలో కాలేదు. ముహూర్తానికి ముందే లైసెన్సు తీసుకోవాలి, అది 90 రోజులు చెల్లుతుంది, రాష్ట్రంలో ఎక్కడైనా పెళ్ళి చేసుకోవచ్చు. పెళ్ళి చేయించిన పంతులుగారు సంతకం పెట్టి, లైసెన్సు ఇచ్చిన కౌంటీకే పది రోజుల్లో తిప్పి పంపాలి. ఆయన భోజనానికి కూర్చోకముందే ఆ కాగితం ముందు పెట్టండి. తర్వాత వీసాకీ, ఇండియా కాగితాలకీ కావాల్సింది పెళ్ళి సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీ. అది మళ్ళీ విడిగా అడిగి, డబ్బు కట్టి తీసుకోవాలి. రెండు మూడు ఒకేసారి తీసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

పౌరసత్వం వచ్చాక జ్యూరీ పిలుపు కూడా ఇటే వస్తుంది. కోర్టుల వైపు మెటల్ డిటెక్టర్ తనిఖీ ఉంటుంది, కాబట్టి కాస్త ముందు బయల్దేరండి. 1970 ఆగస్టులో ఇక్కడి కోర్టు గదిలోంచి జడ్జినీ, ఇతరులనీ బందీలుగా లాక్కెళ్ళిన ఘటనలో జడ్జితో సహా నలుగురు చనిపోయారు. అది తెలిశాక ఆ తనిఖీ వరుస మీద నాకెప్పుడూ విసుగు రాలేదు.

పని త్వరగా అయిపోతే నేరుగా ఇంటికి పోకండి. నాలుగో అంతస్తులో గోపురం కింద గుండ్రంగా లైబ్రరీ ఉంది. దానిలోనే స్థానిక చరిత్ర కోసం ఆన్ టి. కెంట్ కాలిఫోర్నియా రూమ్ అని ఓ విభాగం. ఈ భవనం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. కప్పుకి రైట్ బంగారు రంగు కోరుకున్నారనీ, ఆ రంగు నిలవదని తేలి నీలం వేశారనీ తెలిశాక, అటు ఎప్పుడు చూసినా ఒక్క క్షణం బంగారు కప్పే ఊహించుకుంటాను. నీలమే నయం అనిపిస్తుంది.

కొండ దిగువన ఉన్న చిన్న పోస్టాఫీసు కూడా రైట్ గీసిందే. ఆయన డిజైన్లలో కట్టడం పూర్తయిన ఫెడరల్ ప్రభుత్వ భవనం అదొక్కటే.

2017లో స్మార్ట్ అనే స్థానిక రైలుకి ఇక్కడ స్టేషన్ పెట్టారు గానీ, దిగాక బాగానే నడవాలి. ఫైళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి కారే సుఖం. ఆదివారం పొద్దున మాత్రం ఆఫీసు పని పెట్టుకోకండి. ఆఫీసులు మూసి ఉంటాయి, పార్కింగ్ అంతా రైతుబజారుకి వచ్చినవాళ్ళదే.